పనిలో ఉన్న కుటుంబం

ఎల్లారెడ్డి నుంచి వచ్చిన పిల్ల తన వ్యాసాన్ని ఫోనుతో రాయించిందన్న సంగతి కామారెడ్డిలో అందరికీ తెలుసు. పరీక్ష గదుల్లో తిరిగిన టీచర్లకు తెలుసు, పేపర్లు దిద్దిన ముగ్గురికీ తెలుసు, ఆ ముగ్గురికి చాయ్ తెచ్చిచ్చిన హోటలాయనకూ తెలుసు. నీళ్ళు తాగి వస్తానని పిల్ల మధ్యలో లేచి ఐదు నిమిషాలు బయటికి పోయిందట. ఫోను ముందే ఎక్కడో దాచి ఉంచిందట. ప్రశ్న అడిగితే అది మూడు పేజీల జవాబు చెప్పిందట. పిల్ల తిరిగి వచ్చి తలెత్తకుండా రాసేసిందట. ఐదు నిమిషాల్లో విన్న మూడు పేజీలు అక్షరం పొల్లుపోకుండా ఎట్లా గుర్తున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు. పేపర్లు దిద్దినవాళ్ళలో ఒకడు, భౌతికశాస్త్రం ముప్పై నాలుగేళ్ళు చెప్పి రిటైరైన మహిపాల్ కూడా అడగలేదు.

ఆ పట్టణంలోని ఒక విద్యా ట్రస్టు ఏటా జిల్లాలోని హైస్కూలు పిల్లలకు ప్రపంచ చరిత్ర మీద పోటీ పెడుతుంది. ఈ ఏడాది అంశం 1870 తర్వాతి అమెరికా. ట్రస్టు వాళ్ళే ఒక పలుచని పుస్తకం అచ్చు వేయించి బడులకు పంపారు. అటు బిచ్కుంద నుంచి ఇటు భిక్నూరు దాకా పదో తరగతి పిల్లలు మూడు నెలలపాటు శనివారం చివరి పీరియడ్లలో ఆ దేశపు రైలుమార్గాలను, ఉక్కు కర్మాగారాలను, చికాగోలో ఎనిమిది గంటల పనిదినం కోసం జరిగిన సమ్మెను, న్యూయార్కు ఇరుకు గదుల్లో వలస కుటుంబాలు కాపురాలు చేసిన తీరును వల్లె వేశారు. మొదటి స్థానం వచ్చిన పిల్ల గానీ పిల్లవాడు గానీ ట్రస్టు హాస్టల్లో ఉండి కామారెడ్డిలో రెండేళ్ళు ఇంటర్మీడియట్ చదువుకోవచ్చు. రెండో స్థానానికి ఒక పుస్తకాల కట్ట, ఒక శాలువా.

పోటీ ఆదివారం జరిగింది. పేపర్లు ఆ మధ్యాహ్నమే దిద్దారు, ఎల్లారెడ్డి పిల్లకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. బహుమతుల సభ ఎనిమిది రోజులకు, సోమవారం నాడు. శుక్రవారం నాడు ట్రస్టు కార్యదర్శి సంపత్ మహిపాల్‌ను ఆఫీసుకు పిలిపించుకొని, టైపు చేయించిన ఒక కాగితం ముందు పెట్టాడు.

"పోటీలో ఫోను వాడినందుకు క్షమించండి అని రాసినం సార్. పిల్ల సంతకం పెడితే సాలు. బడికి కంప్లైంటు గిట్ల ఏం పంపం. లోపట్లోపట అయిపోతది."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే పంపక తప్పదు. అందుకే మిమ్ములను పొమ్మంటున్న. ఊర్లల్లకు పోయి బాణామతి ఉత్తదేనని ఒప్పించినోళ్ళు మీరు. పదిహేనేండ్ల పిల్లతోని నిజం చెప్పించుడు మీకొక లెక్కనా?"

మహిపాల్ నవ్వాడు. ఆ పొగడ్త ఆయనకు కొత్త కాదు, చేదూ కాదు. వ్యాసాన్ని మరోసారి చదువుతానని అడిగి తీసుకున్నాడు. పోటీ నాడు ప్రశ్నతో పాటు పిల్లలందరికీ ఒక పాత ఫోటో నకలు ఇచ్చారు. న్యూయార్కులో ఒక అద్దె గది. బల్ల చుట్టూ తల్లీ తండ్రీ, ఇద్దరు ఆడపిల్లలు, ఒక చిన్న పిల్లవాడు. బల్ల మీద పొగాకు ఆకులు, సగం చుట్టిన చుట్టలు. కింద ఒక వాక్యం: పనిలో ఉన్న కుటుంబం. ఫోటోను ఆధారం చేసుకొని ఆనాటి కార్మికుల జీవితం గురించి రాయమన్నారు. నూట పన్నెండు మంది పిల్లలు ఆ కుటుంబం ఎంత కష్టపడి పని చేస్తున్నదో రాశారు. ఎల్లారెడ్డి పిల్ల సింధూజ ఒక్కతే ఇట్లా రాసింది:

"ఫోటో కింద పనిలో ఉన్న కుటుంబం అని ఉంది. కాని ఇందులో ఎవరూ పని చేయడం లేదు. ఆకు ఎండి అంచులు పైకి లేచాయి. దగ్గరలో నీళ్ళ గిన్నె లేదు, తడిగుడ్డ లేదు. తడపని ఆకును చుడితే పగులుతుంది. అందరూ ఫోటో తీసే ఆయన దిక్కు చూస్తున్నారు కాబట్టి పని చేయడం లేదని కొందరు అనుకోవచ్చు. అది కారణం కాదు. చేతులకు పని వచ్చిన తర్వాత కళ్ళు ఎటు చూసినా చేతులు ఆగవు. ఫోటో కోసం వీళ్ళ పనిని ఆపించారు. ఆగిన పనిని ఆయన పోయిన తర్వాత కూర్చుని పూర్తి చేసి ఉంటారు. ఆ ఫోటో ఎవరూ తీయలేదు."

మహిపాల్ చివరి వాక్యం దగ్గర ఆగాడు. ఆదివారం నాడు కూడా అక్కడే ఆగాడు. పదో తరగతి పిల్ల ఫోటోను నమ్మకపోవడం ఒక ఎత్తు, నమ్మకపోవడానికి సులువుగా దొరికే కారణాన్ని పక్కకు నెట్టి సరైన కారణం చూపడం మరొక ఎత్తు. ఆయనకు తట్టింది ఆ సులువైన కారణమే. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు కదా అని. పిల్ల తన కంటే ముందుగా ఆ ఆలోచన దాకా వచ్చి, దాన్ని కాదని పోయింది.

వ్యాసాన్ని, సంపత్ ఇచ్చిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

* * *

శనివారం పొద్దున ఎల్లారెడ్డి బస్సులో లింగంపేట దాకా నిలబడి, అక్కడ సీటు దొరికి, పదిన్నరకు దిగాడు. బడిలో సోషల్ టీచర్ శ్వేత ఆయనకు కుర్చీ వేసి, తాను నిలబడే మాట్లాడింది.

"నాకైతే మస్తు బాధైంది సార్. పిల్ల మంచిగ చదువుతది. గట్ల చేస్తదనుకోలే."

"చేసిందని నీకెట్లా తెలుసమ్మా?"

"అందరు అంటున్నరు కద సార్."

"అందరిలో మొదటాయన ఎవరు?"

"మాకైతే మైసన్న చెప్పిండు. ఆదివారం పిల్లలను తోలుకపోయింది ఆయననే."

ఇది మహిపాల్‌కు చేతనైన పని. బాణామతి చేశారన్న ఊళ్ళలో ఆయన మంత్రాల గురించి వాదించేవాడు కాదు. రాళ్ళు పడుతుంటే ఎవరు చూశారని అడిగేవాడు. ఒకరు ఇంకొకరి పేరు చెప్పేవారు, ఆ ఒకరు మరొకరి పేరు చెప్పేవారు. ఓపిగ్గా నడుస్తూ పోతే చివరికి చూసినవాడంటూ ఎవడూ ఉండడు, లేదా వాడే రాయి వేసినవాడై ఉంటాడు.

అటెండర్ మైసన్న లోటాలు కడుగుతూ దొరికాడు. చేతులు తువ్వాలకు తుడుచుకుంటూ వచ్చాడు.

"మైసన్నా, ఆ పిల్ల చేతిలో ఫోను చూసినవా?"

"నేనెక్కడ చూస్త సార్? మమ్ములను గేటు లోపటికి రానిస్తరా? వేపచెట్టు కింద కూసోని చెప్పులు కావలి కాసిన. పిల్లలు తిన్నంక, రమ్య మేడం వచ్చి, మీ ఊరి పిల్ల పని బయటవడ్డది, ఫోన్ల చూసి రాసిందట అన్నది. నేను వచ్చి ఈడ చెప్పిన. చెప్పుడు తప్పా?"

"వినుడు తప్పు కాదు. చెప్పుడు తప్పో కాదో చూద్దాం."

రమ్య కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. సింధూజ పరీక్ష రాసిన గదికి ఆదివారం ఆమెదే బాధ్యత. మహిపాల్ వరండాలో నిలబడి ఫోను చేశాడు.

"ఫోన్లు ఉన్నోళ్ళయి తలుపు కాడ అట్టపెట్టెల వేయించినం సార్. ఆ పిల్ల నా రూములనే ఉన్నది. నీళ్ళకు పోయింది, వచ్చింది. ఫోనైతే నేను చూడలే. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె కద."

"మరి మైసన్నకు ఎందుకు చెప్పినవమ్మా?"

"చాయ్ కాడ సంపత్ సార్ అన్నడు. అప్పుడు నాకు యాదికొచ్చింది, ఈ పిల్ల నీళ్ళకు పోయింది కద అని. గప్పుడే చూసుంటదనుకున్న."

"అంటే ముందు మాట విన్నవు, తర్వాత నీళ్ళు గుర్తుకొచ్చినయి."

"అవును సార్," అంది రమ్య. ఆ మాట అంటూనే ఆమెకూ ఏదో తోచినట్టుంది.

సంపత్ రెండో రింగుకే ఎత్తాడు. సంతకం అయిందా అని అడిగాడు.

"సంపత్, ఫోను సంగతి నీకెవరు చెప్పిండ్రు?"

అవతల నవ్వు వినిపించింది. "నన్ను పరీక్ష చేస్తున్నరా సార్? మీరే కద అన్నది!"

"నేనా?"

"పేపరు చేతుల వట్టుకొని, కండ్లద్దాలు తీసి మరీ అన్నరు. ఇది పదో తరగతి పిల్ల రాసినట్టు లేదు సంపత్, ఏదో ఫోను రాసినట్టుంది అని. నేను, పేపర్లు దిద్దినోళ్ళు, అందరం ఆడనే ఉన్నం."

"మెచ్చుకుంటూ అన్న మాట అది."

"మాకెట్ల ఎరుక సార్? ఇంకెవలన్న అంటే రుజువేంది అని అడుగుదుము. మీరన్నంక మళ్ళ ఎవలడుగుతరు?"

ఫోను పెట్టేసిన తర్వాత మహిపాల్ వరండా గోడకు ఆనుకొని నిలబడ్డాడు. కళ్ళద్దాలు తీయడం గుర్తుంది. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని అనడం గుర్తుంది. మధ్యలో అన్న మాట గుర్తులేదు, కాని అది తన మాటేనని ఆ మాట తీరే చెబుతున్నది. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి వెతికిన ఆ మొదటి మనిషి, ఈసారి నలుగురి తర్వాత దొరికాడు, అది తానే.

శ్వేత చాయ్ పంపించింది. తాగకుండా చల్లార్చాడు. మాట తన నోటి నుంచి పుట్టిందని తేలినంత మాత్రాన పిల్ల ఫోను చూడలేదని తేలినట్టు కాదు. వదంతికి ఆధారం లేదన్నది ఒక సంగతి, అది అబద్ధమన్నది మరొక సంగతి. రెండోదానికి రుజువు వేరే కావాలి. తప్పు చేశానన్న ఇబ్బందిలో పిల్లను నిర్దోషి అనేస్తే అది దయ అవుతుంది, తీర్పు కాదు. సోమవారం సభలో దయకు విలువ ఉండదు.

"వాళ్ళ ఇల్లు చూపిస్తవా మైసన్నా?"

* * *

సింధూజ తల్లి గంగమణి ఇంటి ముందు రేకుల పందిరి కింద కూర్చొని బీడీలు చేస్తున్నది. ఒళ్ళో చాట, చాటలో ఒక పక్క తంబాకు, ఇంకో పక్క కత్తిరించిన తునికాకు. ఆకు మీద తడిపిన గోనెగుడ్డ. అచ్చు రేకును ఆకు మీద పెట్టి కత్తిరించే పని పక్కనే కూర్చున్న సింధూజది. సన్నగా, నల్లగా, జడ గట్టిగా బిగించుకొని ఉంది పిల్ల. ఆయనను చూసి లేచి నిలబడింది గాని కత్తెర కింద పెట్టలేదు.

మైసన్న ఇంటి వాళ్ళకు పరిచయం చెప్పి వెళ్ళిపోయాడు. గంగమణి పీట వేయించింది, లేవలేకపోతున్నందుకు తప్పు ఎంచవద్దంది. సాయంత్రం కార్ఖానాకు కట్టలు అప్పజెప్పాలి.

"కాయిదం తెచ్చిండ్రటగద సారూ. ఏం రాసున్నది?"

మహిపాల్ కాగితం తీసి సింధూజ చేతికిచ్చాడు. పిల్ల దాన్ని తల్లికి చదివి వినిపించింది. బడిలో పాఠం చదివినట్టే, ఎక్కడా గొంతు మారకుండా చదివింది.

"పెట్టు బిడ్డ," అంది గంగమణి. "పెద్దమనిషి ఇంటిదాక వచ్చిండు. సంతకం పెడితే ఏం పోతది?"

"హాస్టల్ పోతది."

"మొన్ననే పోయెగద అది! ఇంక ఇజ్జత్ అన్న మిగులనియ్యి. కార్ఖానల మన కట్టలు బాగలేవని పక్కకేస్తరు. నేను లొల్లి వెడుతున్ననా? సప్పుడు చేయక మళ్ళ చేసిస్త."

"నువ్వు చేసిస్తవు. నేనేం చేసియ్యాలె? చేయనిదాన్ని చేసిన అని రాసియ్యాల్నా?"

"చూసిండ్రా సారూ నోరు! పది చదివితే గిట్ల, ఇంటర్ చదివితే నన్ను ఇంట్ల ఉండనిస్తదా?"

ఆ మాటలో కోపం కంటే మురిపెమే ఎక్కువ ఉంది. మహిపాల్ పీటను ముందుకు జరుపుకున్నాడు.

"ఆ మాట మొదట అన్నది నేనే సింధూజా. మిగతావాళ్ళు నా మాట పట్టుకొని అన్నారు."

పిల్ల ఆయన ముఖం వైపు సూటిగా చూసింది. "మీరు చూసిండ్రా సార్?"

"చూడలేదు."

"మరి ఎట్ల అన్నరు?"

"నువ్వు రాసింది నాకు తట్టలేదు. నాకు తట్టనిది నీకెట్లా తడుతుందనుకున్నాను. అంతే."

గంగమణి చేతులు ఆగలేదు. ఆమె ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూస్తున్నది. ఆ చూపు కింద, ఆమెకు సంబంధం లేనట్టుగా, వేళ్ళు ఒక ఆకును తీశాయి, చిటికెడు తంబాకును పరిచాయి, చుట్టాయి, మూతిని గోటితో మడిచాయి, దారం వేసి తెంపాయి. బీడీ వచ్చి కుప్పలో పడింది. మళ్ళీ ఇంకొక ఆకు. ఆయన వచ్చినప్పటి నుంచి ఆమె చేతుల వైపు ఒక్కసారి కూడా చూసుకోలేదు. మహిపాల్ వ్యాసంలోని, చేతులు ఆగవన్న ఆ వాక్యాన్ని కళ్ళతో చదువుతున్నట్టు చూశాడు.

ఆయనకు నమ్మకం కుదిరింది. కాని ఆయన నమ్మకంతోనే కదా వ్యవహారం ఇంత దూరం వచ్చింది. తల్లి చేతులను చూసి పిల్ల రాసి ఉండవచ్చు. పట్టుబడ్డాక తల్లి చేతులను సాక్ష్యంగా చూపనూ వచ్చు. సంపత్ ఆ రెండో మాటే అంటాడు. ఈ పని తెలిసిన మనిషికెవరికైనా ఆ ఫోటో చూడగానే ఇదే తోస్తుందని రుజువైతే, ఫోను అవసరమే లేదని తేలిపోతుంది. ఆ మనిషి ఈ ఇంటి మాట విననివారై ఉండాలి.

"గంగమణీ, ఈ వాడలో బీడీలు చేసేవాళ్ళలో మీతో మాటలు లేనివాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

గంగమణి మొదటిసారి చేతులు ఆపింది. "అదేం అడుగుడు సారూ?"

"పని ఉండి అడుగుతున్న."

"శాంతవ్వ ఉన్నది గద," అంది సింధూజ, నవ్వు ఆపుకుంటూ.

"దాని పేరెత్తకు!" గంగమణి గోడ అవతలికి వినిపించేట్టు గొంతు పెంచింది. "మేము ఆకు కడిగిన నీళ్ళు దాని వాకిట్లకు పోయినయని మా తాతల దాక తిట్టింది సారూ. ఆరు నెలలాయె. దాని మొఖం మేము చూడం, మా మొఖం అది చూడదు. దానితోని మీకేం పని?"

"ఫోటో చూపిస్తా. మీరెవరూ నా వెంట రావద్దు. పిల్ల ఏం రాసిందో ఇక్కడ గట్టిగా అనవద్దు."

* * *

పక్కింటి శాంతవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. ఆమె కూడా చాట ఒళ్ళో పెట్టుకొని గడపలో కూర్చుంది. కొత్త మనిషిని చూసి ముందుగా తన కష్టం చెప్పుకుంది.

"పింఛన్ల సర్వేనా అయ్యా? నా పేరు ఉన్నదా? వేలిముద్ర వడ్తలేదని రెండు నెలలు తిప్పిండ్రు."

"సర్వే కాదు అవ్వా. ఒక ఫోటో చూపించాలి. అందులో ఏముందో చెబితే చాలు."

"నాకు చదువు రాదు బిడ్డా."

"చదివేదేం లేదు. చూసేదే."

"ఫోన్లనా? ఫోన్లయితే నాకు కానరాదు. మా ఇంట్ల ఫోనే లేదు."

"కాగితం మీదే."

ఆయన వ్యాసానికి జతచేసిన నకలును విడదీసి, కింది వాక్యం కనిపించకుండా మడిచి ఇచ్చాడు. శాంతవ్వ కాగితాన్ని చేయి చాచినంత దూరం జరిపి, తల పక్కకు వంచి చూసింది. మహిపాల్ చేతి గడియారం చూసుకున్నాడు. ఆమె ఏమీ గుర్తించకపోతే ఆ సంగతి కూడా ట్రస్టుకు రాయాలి. అట్లా రాస్తే ఆ గోడ అవతల కూర్చున్న పిల్ల ఈ ఎండాకాలం నుంచి తల్లి పక్కనే ఉండిపోతుంది.

"చుట్టలోళ్ళు," అంది శాంతవ్వ. "పాపం, ఎంత ఇరుకున్నదో ఇల్లు."

"ఏం చేస్తున్నారవ్వా?"

"ఏం చేస్తరు? కూసున్నరు."

"పని చేస్తలేరా?"

"ఏం పని? ఆకు చూడు ఎట్ల ఎండిందో. చెవులు లేచినయి. నీళ్ళేవి? తడిగుడ్డేది? ఈ ఆకు చుడితే చిట్లిపోదా? ఎవలో కూసోమన్నరు, కూసున్నరు. పాపం పిలగాడు చెయ్యి ఎట్ల వెట్టుకున్నడో, ఎన్నడు ఆకు వట్టినట్టే లేదు."

"అందరూ ఇటు చూస్తున్నారు కదా, అందుకని పని చేస్తలేరంటున్నవా?"

శాంతవ్వ ఆయన వైపు జాలిగా చూసింది. "చూస్తే చేతులాగుతయా? నేను నిన్ను చూస్తలేనా?"

ఆమె ఒళ్ళో చాట దగ్గర కుడిచెయ్యి అప్పటికే ఒక ఆకును తీసుకుంది. ఎడమ చేతిలో ఫోటో ఉండటం వల్ల చుట్టలేక, వేళ్ళు ఆకును ఊరికే సవరిస్తున్నాయి.

"ఇది ఏ ఊరు బిడ్డా?"

"అమెరికా. నూటముప్పై ఏళ్ళ కిందటిది."

"గాడ గూడ ఇంట్ల కూసోనే చుట్టెటోళ్ళా? పిల్లలతోని?"

"అవును."

"గిప్పుడు చుడుతలేరా?"

"లేదవ్వా. ఆ గదులు పోయినాయి, ఆ పని పోయింది."

"మరి వాళ్ళంత ఏం చేసుకోని బతుకుతున్నరు?"

ట్రస్టు పుస్తకంలో ఆ అధ్యాయం 1900 దగ్గర ముగిసింది. మహిపాల్ తనకు తెలియదని చెప్పాడు. శాంతవ్వ కాగితం తిరిగిచ్చి, పింఛను సంగతి ఎవరికైనా చెప్పమని మరోసారి గుర్తు చేసింది. రాసుకుంటానని ఆమె పేరూ, ఇంటి నంబరూ అడిగి రాసుకున్నాడు.

ఆమె గడప పక్క అరుగు మీదే కూర్చొని సంపత్‌కు ఫోను చేశాడు.

"లిస్టు ప్రింటుకు పంపుతున్న సార్. సంతకం అయిందా?"

"కాలేదు, కాదు. లిస్టు ఆపు."

"సార్, కమిటీకి నేనేం చెప్పాలె? మీరే అన్నరు, ఇప్పుడు మీరే కాదంటున్నరంటే..."

"నేను కాదన్నానని చెప్పకు. నా పేరు మీద ఒక్కసారి నమ్మింది చాలు. నేనొక కాగితం రాస్తున్న. సోమవారం అది చదివించు. అందులో ఉన్నది తప్పనిపిస్తే, ఎవరైనా ఎల్లారెడ్డికి వచ్చి చూసుకోవచ్చు."

గోడ అవతల కత్తెర చప్పుడు ఆగింది. తర్వాత గంగమణి ఏదో అడిగింది. పిల్ల తెలియదంది. మళ్ళీ కత్తెర కదిలింది.

క్షమాపణ పత్రం వెనుక వైపు తెల్లగా ఉంది. మహిపాల్ దాన్ని తొడ మీద సాపు చేసుకొని, ప్రయోగాల నోటు పుస్తకంలో రాసినట్టు, విశేషణాలు లేకుండా రాశాడు. సింధూజ ఫోను వాడిందన్న మాట మొదట అన్నది తానేనని, తాను గాని మరెవరు గాని అటువంటిదేదీ చూడలేదని ఒక వాక్యం. మొదటి స్థానం ఆమెకే ఇవ్వాలని తాను వేసిన మార్కులతో ఒక వాక్యం. ఆ తర్వాత తేదీ, సమయం, స్థలం వేసి చివరి వాక్యం రాశాడు:

ఎల్లారెడ్డిలో బీడీలు చేసే శాంతవ్వకు చదువు రాదు, ఇంట్లో ఫోను లేదు, సింధూజ కుటుంబంతో ఆరు నెలలుగా మాటలు లేవు. ఫోటో చేతికిచ్చిన నిమిషంలోపు ఆమె సింధూజ రాసిన మాటే చెప్పింది.